నవ్వు ఎవరి మీద పడుతుంది?

గత డిసెంబరు సెలవుల్లో మేము సతీసమేతంగా అరకులోయ వెళ్ళి మా చెల్లెలి కూతురి ఇంట మూడు రాత్రులు ఉన్నాము. అల్లుడు అక్కడి ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టే పని మనవరాలికి అప్పగించి, బొర్రా దాటేసరికే శాలువా వెతుక్కోవలసి వచ్చింది. లోయలో చలికాలపు సాయంత్రం త్వరగా ముగుస్తుంది. కొండ నీడ ఇంటి మీద పడగానే వీధి ఖాళీ అవుతుంది.

మొదటి రాత్రి ఇషా నమాజు ముగించుకుని ముందుగదిలోకి వచ్చేసరికి కిటికీలు మూసి, దుప్పట్లు కప్పుకుని ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. పక్క క్వార్టరులో ఉండే గిరిజన ఉపాధ్యాయుని పిల్లలిద్దరూ వారిలోనే ఉన్నారు. అందరూ ఒక్కసారిగా నవ్వుతున్నారు. మేము గుమ్మంలో కనబడగానే మేనకోడలు చటుక్కున టీవీ ఆపివేసింది.

"కోపగించుకోకండి మామూ, పిల్లలు అడిగితే పెట్టాను. పాత అమృతం, మొదటి భాగాలు" అన్నది.

మమ్మల్ని చూడగానే ఒక ఇంటిలో నవ్వు ఆగిపోయినది. ఈ వయసులో అది మాకు అంత గౌరవంగా తోచలేదు. "పెట్టమ్మా, మేమూ చూస్తాము" అని గోడవైపు కుర్చీ జరుపుకున్నాము.

పాఠకులకు ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ ధారావాహిక మొదలైన నాడు మా ఇంట టీవీ లేదు. 2001 నవంబరు 18న జెమినీ టీవీలో అది ఆరంభమైనది. ఆరేళ్ళు ఆదివారం రాత్రులు వచ్చి, 2007 నవంబరు 18న, 313 భాగాలతో ముగిసినది. (313 అనగానే మదర్సాలో చదువుకున్నవారి మనసు బద్ర్ వైపు పోతుంది. దానికీ దీనికీ ఏ పొత్తూ లేదు, అలవాటు కొద్దీ లెక్క దగ్గర ఆగాము.) ఆ రోజుల్లో మా పిల్లలు ఆదివారం రాత్రి ఏదో ఒక సాకుతో పొరుగింటికి వెళ్ళేవారు. ఎందుకు వెళ్ళేవారో మాకు తెలుసు. తెలియనట్టు ఉండిపోయాము.

తెలియని యువతరం కోసం కథ రెండు మాటల్లో చెబుతాము. అమృతరావు ఎలాగైనా త్వరగా ధనవంతుడు కావాలని కలలు కనే మనిషి. ఆంజనేయులు, అంటే అంజి, అతని ప్రాణమిత్రుడూ పొరుగువాడూ. ఇద్దరూ కలిసి అమృత విలాస్ అనే హోటలు నడుపుతారు. అందులో వంటా వడ్డనా చూసేవాడు సర్వం. అద్దెకున్నవారిని మాటలతో వేధించే ఇంటి యజమాని అప్పాజీ. ఇక ఇల్లాళ్ళు సంజీవని, శాంత. గుణ్ణం గంగరాజు దీనికి మూలపురుషుడు, నిర్మాత. అంతకుముందు 1996లో పిల్లల కోసం 'లిటిల్ సోల్జర్స్' చిత్రం తీసిన వారాయన. తొలి భాగాలకు దర్శకుడు చంద్రశేఖర్ యేలేటి. ఆయనే 2003లో గంగరాజు నిర్మాణంలో 'ఐతే' తీశారు. అమృతరావుగా మొదట శివాజీరాజా, పిదప నరేష్, ఆ పిదప హర్షవర్ధన్ నటించారు. అంజిగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి. మకుట గీతం సిరివెన్నెల రాయగా కల్యాణీ మాలిక్ స్వరపరిచారు.

ఏళ్ళు గడిచినా జనం మళ్ళీ ఆ తొలి భాగాల దగ్గరకే ఎందుకు వెళుతున్నారు? మేము మూడు రాత్రులు చూసి, మధ్యమధ్య పిల్లల ముఖాలు కూడా చూసి, ఒక నిర్ణయానికి వచ్చాము.

అమృతరావుకు సులువుగా డబ్బు వచ్చే ఉపాయం ఒకటి తడుతుంది. అంజి వద్దంటాడు, భయపడతాడు, చివరకు వెంట నడుస్తాడు. ఉపాయం బెడిసికొడుతుంది. నింద అంజి మీద పడుతుంది. వారం తిరిగేసరికి ఇద్దరూ మళ్ళీ ఆ హోటల్లోనే, అవే బల్లల మధ్యనే. ఎవరూ ధనవంతులు కారు, ఎవరూ చెడిపోరు. ఈ చక్రం తెలిసి కూడా ప్రేక్షకుడు నవ్వుతాడంటే, ఆ దురాశ తనదేనని గుర్తుపట్టడం వల్లనే. లాటరీ టికెట్టు కొన్నవాడు, చిట్టీల కంపెనీలో పొదుపు పోగొట్టుకున్నవాడు, అరువిచ్చి వ్యాపారం మూసుకున్నవాడు లేని వీధి మన ఊళ్ళలో ఉన్నదా? నవ్వు అతని పేదరికం మీద పడదు. 'నేను అందరికన్నా తెలివైనవాణ్ణి' అనే అతని నమ్మకం మీద పడుతుంది. అదీ అతని నోటితోనే, అతని చేతలతోనే.

ఈ పద్ధతి మన సాహిత్యానికి కొత్త కాదు. మొక్కపాటివారి 'బారిస్టర్ పార్వతీశం' 1924 నుండి మనలను నవ్విస్తున్నది తన అమాయకత్వాన్ని తానే చెప్పుకోవడం వల్ల. ఉర్దూలో రతన్‌నాథ్ సర్షార్ 'ఫసానా-ఎ-ఆజాద్' అవధ్ అఖ్‌బార్ పత్రికలో 1878 నుండి భాగాలుగా వచ్చినప్పుడు, పొట్టివాడూ గప్పాలరాయుడూ అయిన ఖోజీ కథానాయకుణ్ణి మించి జనానికి నచ్చాడు. అంజికీ అదే భాగ్యం కలిగింది. పిరికివాడు, మంచివాడు, అన్నీ ముందే తెలిసీ స్నేహితుణ్ణి వదలలేనివాడు. 1987లో జంధ్యాల 'అహ నా పెళ్ళంట'తో సినిమాకు వచ్చిన హనుమంతరావు ఎన్ని చిత్రాల్లో చేసినా, 2018 ఫిబ్రవరి 19న ఆయన మరణించినప్పుడు జనం తలచుకున్నది ఆ అంజినే. 2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం' అని కొత్తగా తీసినప్పుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ ధరించారు. ఆయన గొప్ప నటులే. అయినా మా మేనకోడలు పాతదే పెడుతుంది.

ఇల్లాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన హాస్యంలో భార్య అంటే గయ్యాళి, లేదా మందబుద్ధి. ఇక్కడ సంజీవని, శాంత భర్తల కన్నా ముందే సంగతి పసిగడతారు. మా శ్రీమతి ఆ చోటనే మావైపు చూసి చూడనట్టు నవ్వినది. మేము పట్టించుకోలేదు.

లోపాలు లేవని అనము. ఇందులో కథ నడిచేదే అబద్ధంతో. ఒక అబద్ధాన్ని కప్పడానికి రెండవది, దానికి మూడవది. జనాన్ని నవ్వించడానికి అబద్ధమాడేవాణ్ణి గురించి హదీసులో ఎంత గట్టి హెచ్చరిక ఉన్నదో మన పాఠకులకు తెలుసు. ఆ మాట పిల్లలకు చెప్పాము కూడా. మనవరాలు కొంచెం ఆలోచించి, "కానీ నానా, వాళ్ళ అబద్ధం ఎప్పుడూ గెలవదు కదా" అన్నది. జవాబు వెంటనే తోచలేదు. ఇంకొకటి, అంజిని అమృతరావు తిట్టే తిట్లు కొన్నిచోట్ల మోతాదు మించినవి. పిల్లలు ఆ తిట్లే ముందు నేర్చుకుంటారు.

ఇంతవరకు వినోదమే. మమ్మల్ని ఈ వ్యాసానికి కూర్చోబెట్టినది రెండవ రాత్రి.

భాగం ముగిసినది. ఎవరూ మీట నొక్కకుండానే యూట్యూబు తనంతట తాను మరొక హాస్యం అందించినది. ఆకులూ ఈకలూ కట్టుకున్న నలుగురు మగవారు, ముఖానికి మసి, అర్థం లేని కేకలు. అడవివారి భాష అట, అదీ నవ్వు. మన సినిమాలు ఎన్ని తరాలుగా ఈ సరుకు అమ్ముతున్నాయో లెక్కలేదు. మా మనవడు అలవాటు కొద్దీ నవ్వాడు. పక్క క్వార్టరు పిల్లలిద్దరూ నవ్వలేదు. అన్న దుప్పటి అంచు మడతపెట్టడం మొదలుపెట్టాడు. చెల్లెలు అన్న ముఖం చూసినది. ఆ ఇంట తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడేది కువి. క్షణం క్రితం అమృతరావును చూసి అందరికంటే గట్టిగా నవ్విన పిల్లలు వారు. అల్లుడు లేచి టీవీ కట్టేశాడు. "చలిగా ఉంది, ఇంటికి వెళతాం సార్" అని పిల్లలు లేచారు.

ఆ దుప్పటి అంచును మేము ఇంతకుముందు చూసి ఉన్నాము. అప్పుడది ఒక టోపీ అంచు.

పాతికేళ్ళ క్రితం సంగతి. ఆ కొండల్లో చిన్న దుకాణం నడుపుకునే ఒక ముస్లిం కుటుంబం తమ పిల్లవాణ్ణి చదువు కోసం మా తరగతికి పంపినది. తొమ్మిదేళ్ళవాడు. ఆటపాటలన్నీ ఆదివాసీ పిల్లలతో, వారి ఒడియాలో. ఉర్దూ ఇంట్లో కొద్దిగా, తెలుగు సంతలో కొద్దిగా. ఖుర్ఆన్ పఠనంలో 'ఖాఫ్' అక్షరం నాలుక మూలం నుండి రావాలి. వానికి వచ్చేది 'కాఫ్'. వాని పేరులోనే ఆ అక్షరం ఉన్నది. ఒకనాడు మేము వాని పేరును వాడు పలికినట్టే, వాని యాసతో సహా, తరగతి ముందు పలికి చూపించాము. మేము మంచి అనుకరణకర్తలమని మాకు పేరు. ముప్ఫైమంది నవ్వారు. వాడూ నవ్వాడు, టోపీ తీసి దాని అంచు మడతపెడుతూ. ఆపై వారాల తరబడి తరగతి వాణ్ణి ఆ పేరుతోనే పిలిచినది. ఈద్ సెలవులకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. తండ్రికి జాబు రాశాము. దుకాణంలో సాయం కావాలని జవాబు వచ్చినది.

అదే సంవత్సరం మేము ఆ తరగతికి బోధించిన పాఠాలలో ఒకటి, ఖుర్ఆన్‌ను తడబడుతూ కష్టపడి చదివేవానికి రెండింతల పుణ్యమనే హదీసు. మరొకటి, ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనే హుజురాత్ సూరా ఆయతు. వాడు రెండూ కంఠస్థం చేసి అప్పజెప్పాడు. మార్కులు కూడా వేశాము.

ఆ రోజుల్లోనే ఆదివారం రాత్రులు మా పిల్లలు పొరుగింట నవ్వుతుంటే మేము గదిలో కూర్చుని ఈ టీవీ ఇళ్ళను పాడుచేస్తుందని రాసుకుంటూ ఉండేవాళ్ళము. రాసినది పూర్తిగా తప్పు అనము. కానీ ఆ హోటలు కథ రాసినవారు నవ్వును ఎవరి మీద పడనివ్వాలో, ఎవరి మీద పడనివ్వకూడదో వారం వారం చూసుకుంటూ రాశారు. మేము ఒక్క ఉదయం కూడా చూసుకోలేదు.

మూడవ రాత్రి మేనకోడలు స్వయంగా పక్క క్వార్టరుకు వెళ్ళి పిల్లలను పిలుచుకొచ్చినది. మొదటి భాగం నుండి మళ్ళీ పెట్టమన్నారు. తనంతట తాను తరువాతిది వచ్చే ఏర్పాటును అల్లుడు ముందే తీసివేశాడు. నడుమ కరెంటు పోయినది. చీకట్లో మిగిలిన కథను పిల్లలే నడిపించారు. అన్న అప్పాజీ అయినాడు, మా మనవడు అంజి. అమృతరావుగా ఎవరూ ఉండమన్నారు. చివరకు ఆ పాత్ర మాకు అంటగట్టి, మేము ఏమి మాట్లాడినా నవ్వారు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ దుకాణం గురించి అల్లుణ్ణి విచారించాము. అది చేతులు మారి చాలాకాలమైనదట. ఆ అబ్బాయి ఇప్పుడు పాడేరులో జీపు నడుపుతాడని, పిల్లలున్నారని చెప్పి, ఎవరినో అడిగి ఫోను నంబరు తెచ్చి ఇచ్చాడు. నంబరు మా డైరీలో ఉన్నది. రెండుసార్లు నొక్కి, మోగకముందే ఆపివేశాము.