దేవదాసు ఇంటి జమాఖర్చు

దేవదాసు ఎవరని అడిగినచో తాగుబోతనియో భగ్నప్రేమికుడనియో చెప్పువారే గాని, జమీందారు కొడుకని మొదట చెప్పువారు మనలో అరుదు. 1917లో వెలువడిన శరత్‌చంద్రుని నవల, 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున చలనచిత్రమై, సుబ్బరామన్ స్వరములతో, సముద్రాల పాటలతో, ఘంటసాల కంఠముతో తెలుగువారి సొత్తైనది. ఆ మాధుర్యమును నేను కాదనను. ఐనను ఆ పాటలే కథలోని జమాఖర్చును కప్పివేసినవని నా అభియోగము.

నవలలో ఆ లెక్క దాగి లేదు. దేవదాసు బాల్యసఖి పార్వతి నాయనమ్మ సంబంధము మాట ఎత్తగా, ఆడపిల్లకు సొమ్ము పుచ్చుకొను వంశమనియు, పైగా పొరుగింటివారనియు దేవదాసు ఇంటివారైన ముఖర్జీలు తోసిపుచ్చిరి. తండ్రి పోయిన పిదప ఆస్తి పంపకమయ్యెను. తల్లి కాశికి తరలెను. దేవదాసు తన వాటాను కలకత్తాలో కరగించెను. 1793 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు వంగదేశమున నిలిపిన జమీందారీ ఫలమే ఆ వాటా. రైతు కట్టిన శిస్తే సీసాలలోనికి దిగినది. చిత్రమున తండ్రి పాత్ర ధరించిన ఎస్.వి. రంగారావుగారి గంభీరవిగ్రహమును, కొడుకు పట్నపు దుస్తులును ఆ పుట్టుకకు గుర్తులు; పాట అందుకొన్నంతనే అతడు ఏ ఊరివాడును గాక, ప్రతి ప్రేక్షకునికిని తానే యగును.

సిర్నాపల్లి, దోమకొండ దొరల గడులను ఎరిగిన ఇందూరు (నిజామాబాదు) సీమకు ఈ మరపు చెల్లదు. దొర యనగా మన పెద్దలకు విరహము గాదు, పట్వారీ దస్త్రము, వెట్టిచాకిరి, గడి ముందు చెప్పులు చేతబట్టి నడచుట. 1949లో జాగీర్లు రద్దయి నాలుగేండ్లు నిండకమునుపే, అట్టి ఇంటి బిడ్డ కొరకు మనము కన్నీరు కార్చితిమి! దాశరథి రంగాచార్యుల ‘చిల్లర దేవుళ్లు’ నవలలో సంగీతము గడిలోనికే వచ్చును గనుక, పాటతోపాటు చాకిరియు కనబడును.

శరత్ నవలలో చివరి ప్రయాణమున పాత నౌకరు ధర్మదాసు నిద్రించుచుండగా దేవదాసు పాండువా స్టేషనులో దిగిపోయెను. మేల్కొన్న ఆ నౌకరు యజమాని సామానుతో ఏమి చేసెనో యని నాకు తరచు సందేహము కలుగును. ఈ కథను మరల పాటలతో ఆడదలచినవారు అతని చేత ఒక్క పాటయైనను పాడించినచో, నేను టిక్కెట్టు కొని చూచెదను.