టికెట్టు లేని అతిథులు

సింగపూర్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో మండాయ్ చూడనివాళ్ళు బహుశా ఉండరు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మొదటి వారం గుడి, రెండో వారం జూ. అది మన ఇళ్ళల్లో ఆనవాయితీ అయిపోయింది. మా బడి పిల్లలతో కలిసి మేమూ చాలాసార్లు వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ అక్కడ కొత్తగా ఏదో ఒకటి కట్టి ఉంటోంది.

1973లో జూ, 1994లో నైట్ సఫారీ, 2014లో ఇప్పుడు రివర్ వండర్స్ అని పిలుస్తున్న నదుల పార్కు వచ్చాయి. జురాంగ్‌లో 1971 నుంచి ఉన్న పక్షుల పార్కును 2023 జనవరిలో మూసేసి, అదే ఏడాది మే నెలలో మండాయ్‌లో బర్డ్ పారడైజ్ తెరిచారు. 2025లో రెయిన్‌ఫారెస్ట్ వైల్డ్ ఏషియా, దాంతో పాటు 338 గదుల రిసార్టు కూడా వచ్చేశాయి. అంటే ఒకప్పుడు ఒక పూటలో చూసి వచ్చే చోటు ఇప్పుడు రెండు మూడు రోజుల విహారయాత్ర అయింది.

ఇది మంచిదా, చెడ్డదా? మా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాం. సౌకర్యాలు పెరగడం తప్పు కాదు. మోకాళ్ళ నొప్పులతో వచ్చిన అమ్మమ్మ నాలుగడుగులు నడవగలగాలంటే వాలుదారులు కావాలి, నీడ కావాలి, శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. నలుగురూ వస్తేనే టికెట్ల డబ్బు వస్తుంది, ఆ డబ్బుతోనే జంతువుల ఆలనాపాలనా జరుగుతుంది. అడవిని ఎప్పుడూ చూడని పిల్లవాడికి అడవి మీద ప్రేమ ఎక్కడి నుంచి పుడుతుంది?

కానీ మండాయ్ ఖాళీ మైదానం కాదు. సెంట్రల్ క్యాచ్‌మెంట్ నేచర్ రిజర్వ్ అనే రక్షిత అడవి దాని పక్కనే ఉంది. అక్కడ బోనులో లేని జంతువులు, మన లెక్కలో లేని జంతువులు కూడా బతుకుతున్నాయి. పనులు సాగుతున్న రోజుల్లో, 2018లో, ఆ చుట్టుపక్కల రోడ్ల మీద సాంబారు దుప్పి, చిరుత పిల్లి వాహనాల కింద పడి చనిపోయిన సంగతి వార్తల్లో చదివి మేమంతా బాధపడ్డాం. ఆ దుప్పికి మన హాలిడే సంగతి ఏం తెలుసు?

2019లో మండాయ్ లేక్ రోడ్డు మీదుగా ఒక వంతెన తెరిచారు. 44 మీటర్ల వెడల్పు, దాని మీద చెట్లూ పొదలూ. అడవికి ఆ వైపు నుంచి ఈ వైపుకి జంతువులు భయం లేకుండా దాటడానికి కట్టినది. మనుషులకు ప్రవేశం లేదు. ఒకసారి బస్సు దాని కింద నుంచి వెళ్తుంటే మా పిల్లల్లో ఒకరు "మనం పైకి ఎందుకు వెళ్ళకూడదు?" అని అడిగారు. "అది వాళ్ళ దారి, మనది కింద దారి" అన్నాం. అంతకంటే మంచి పాఠం మేము తరగతిలో ఎప్పుడూ చెప్పలేదేమో! మండాయ్‌లో కట్టినవాటన్నిటిలోకీ గొప్పది మనం కాలు పెట్టకూడని ఆ వంతెనే అని మా నమ్మకం. ఇక ముందు ఏ విస్తరణ జరిగినా, టికెట్టు కొనలేని ఆ అతిథుల దారి ముందు చూసి, ఆ తర్వాతే మన గదులూ హోటళ్ళూ కట్టాలి.

ఇది ఒక్క సింగపూర్ గొడవే కాదు. హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి సంగతి మనందరికీ గుర్తుంది. 400 ఎకరాల్లో యంత్రాలు దిగితే, 2025 ఏప్రిల్ 3న చెట్లు నరకడం ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ చుట్టుపక్కల లేచిన ఆఫీసుల్లో కూర్చుని పనిచేసినవాళ్ళం మనలో ఎంతమంది లేం? ఆ నెమళ్ళ ఇంటి పక్కనే మన జీతాలు పెరిగాయి. కాబట్టి వేలు ఇతరుల వైపు చూపించే ముందు మన వంతు ఏమిటో చూసుకుందాం.

మొదటిది, కోతులకు అరటిపళ్ళు పెట్టడం. ఆంజనేయస్వామి అని భక్తితో పెట్టేవాళ్ళు మనలో ఉన్నారు, కాదనం. కానీ తిండి అలవాటైన కోతి రోడ్డెక్కుతుంది, సంచులు లాక్కుంటుంది, చివరికి నష్టపోయేది అదే. పైగా ఇక్కడ అడవి జంతువులకు తిండి పెట్టడం నేరం. మొదటిసారి పట్టుబడితేనే 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. స్వామికి నమస్కారం చాలు.

రెండోది, నైట్ సఫారీ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కారు నెమ్మదిగా నడపడం. పిల్లలు నిద్రపోయారు, త్వరగా ఇల్లు చేరాలి, నిజమే. అడవి మేలుకునేదీ ఆ వేళకే.

మూడోది పిల్లల కోసం. జంతువుల పేర్లు మన భాషలో నేర్పుదాం. పాంగోలిన్‌ని మనం అలుగు అంటాం. సివెట్ అంటే పునుగు పిల్లి. తిరుమల శ్రీవారి సేవలో వాడే పునుగు తైలం ఆ జాతి జంతువు నుంచి వచ్చేదే. పేరు తెలిసినవాళ్ళను మనం పరాయివాళ్ళుగా చూడం కదా.

ఈసారి మండాయ్‌కి వెళ్ళినప్పుడు ఆ వంతెన కింద ఒక్క క్షణం పిల్లల్ని పైకి చూడమనండి. ఏ జంతువూ కనిపించకపోవచ్చు. కనిపించనివాళ్ళకి కూడా దారి ఇవ్వాలని వాళ్ళకి తెలిస్తే చాలు, ఆ రోజు టికెట్టు డబ్బు గిట్టినట్టే.