ఎన్నాళ్లకోసారి?

'హౌ ఆఫెన్ డు యు వాటర్ ది క్రాప్?'

చిలకలూరిపేట వైపు పల్లెలో, ఇంగ్లిషు హోంవర్కు చేస్తున్న ఓ అమ్మాయి ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయిందనుకోండి. గైడు తీస్తే అర్థం ఉంటుంది: 'పంటకు మీరు ఎంత తరచుగా నీరు పెడతారు?' మాటలన్నీ తెలుగే. కానీ మిరప చేలోకెళ్లి ఎవరినైనా అలా అడిగి చూడండి, ఎగాదిగా చూస్తారు! అదే పక్కన వత్తులు చేసుకుంటున్న నాయనమ్మనడిగితే? 'నీళ్లు ఎన్నాళ్లకోసారి పెడతారని అడుగుతున్నాడే!' అని తేల్చేస్తుంది.

గమ్మత్తేమిటంటే ఇంగ్లిషువాడు ఎన్నిసార్లని లెక్క అడుగుతాడు. మనం మధ్యలో ఎన్నిరోజులు ఎడం అని అడుగుతాం. అందుకే 'హౌ ఆఫెన్'కి 'ఎంత తరచుగా' అనే అనువాదం అతుకేసినట్టుంటుంది. జవాబులో మాత్రం ఇబ్బంది లేదు. 'వన్స్ ఎ వీక్' అంటే వారానికోసారి, 'ఎవ్రీ టెన్ డేస్' అంటే పదిరోజులకోసారి. సాగర్ కుడికాలువకు నీళ్లొదిలితే ఆ లెక్క మారుతుంది, అది వేరే సంగతి.

ఆఫెన్‌ని వాక్యంలో ఎక్కడ పెట్టాలన్నది పిల్లల్ని తికమక పెట్టే ఇంకో విషయం. మామూలు క్రియకు ముందు వస్తుంది: 'హి ఆఫెన్ గోస్ టు గుంటూర్.' ఈజ్, ఆర్ లాంటివి ఉంటే వాటి తర్వాత: 'ది బస్ ఈజ్ ఆఫెన్ లేట్.' మరి పలకడం? ఆఫెనా, ఆఫ్టెనా? కొన్ని వందల ఏళ్ల కిందటే 'టి' నోట్లోంచి జారిపోయింది. చదువులు పెరిగాక, అక్షరం కనబడుతోంది కదాని జనం మళ్లీ పలకడం మొదలెట్టారు. రెండూ ఒప్పే.

ఫ్రీక్వెంట్లీ అన్నా అదే అర్థం, కాస్త ఆఫీసు వాసన ఎక్కువ. రెగ్యులర్లీ వేరు. ఏడాదికి ఒక్కసారే అయినా తప్పకుండా వస్తే రెగ్యులర్లీ. కోటప్పకొండ తిరనాళ్లు అలాంటివే. రిపీటెడ్లీ అంటే పదేపదే. అస్తమానం అని విసుక్కోవాలంటే ఆల్వేస్ పక్కన 'ఇంగ్' చేరుతుంది: 'హి ఈజ్ ఆల్వేస్ టాకింగ్ ఆన్ ది ఫోన్!'

పదేపదే అన్న మాట ఈ నల్లరేగడి నేలల్లో తేలిగ్గా వినబడదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచేసింది. రైతులు పైరిత్రాయిడ్ మందులు కొట్టినకొద్దీ దోమను తినే మిత్రపురుగులు చచ్చాయి, దోమ మాత్రం పెరిగింది. మళ్లీ కొట్టారు. మందుల అప్పు మిగిలింది, పత్తి మిగల్లేదు. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిరపకు కొత్త జాతి తామరపురుగు వచ్చినప్పుడూ స్ప్రేయర్ భుజం దిగలేదు.

మందు డబ్బాతో వచ్చే కాగితంలో 'వెయిటింగ్ పీరియడ్' అని ఒకటుంటుంది. చివరిసారి మందు కొట్టిన రోజుకీ కాయ కోసే రోజుకీ మధ్య ఆగాల్సిన రోజులు. ఇది కూడా ఎడం లెక్కే, నాయనమ్మ భాషలోదే. కాకపోతే అక్షరాలు చీమతలకాయలంత. కళ్లజోడు లేని నాన్నకు చదివిపెట్టాల్సింది మళ్లీ ఆ హోంవర్కు అమ్మాయే.