మడత కప్పు కారు

అమెరికాలోని నా చెల్లెలు పాత మాజ్డా మియాటా కారు నొకదానిని గొనఁదలఁచి నా యభిప్రాయ మడిగినది. 1989లో తొలుత వెలువడిన యీ చిన్న కన్వర్టిబుల్ బండిలో నిద్దఱికే చోటు. కప్పు మడిచి వెనుకకుఁ ద్రోయవచ్చును. ముచ్చటయే!

కాని కొనువారు రంగును జూచి మురియుదురు గాని నీటిదారిని జూడరు. గుడ్డకప్పుపైఁ బడిన వాన సీట్ల వెనుకనున్న సన్నని గొట్టములగుండఁ గ్రిందికిఁ బోవలెను. ఆకులు, దుమ్ము చేరి యవి పూడినచో, నీరు తలుపుల క్రింది యినుప దూలములలో నిలిచి లోలోపలఁ ద్రుప్పు పట్టించును. పైరంగు మాత్రము మెఱయుచునే యుండును! కావునఁ గాళ్ళక్రింది తివాసి నెత్తి తడి యున్నదేమో చేతితోఁ దడిమి చూడవలెను. వెనుక చక్రముల ముందటి యంచులను గూడఁ బరీక్షింపవలెను. తొలి రెండు తరముల బండ్లైనచో, 60 వేల మైళ్ళకు టైమింగు బెల్టు మార్పించిన రసీదు నడుగవలెను.

మఱియొక మాట. చెల్లెలి యొడిలో నాఱునెలల పాప యున్నది. ఈ బండికి వెనుక సీటు లేదు. పనిచేయుచున్న యెయిరు బ్యాగు నెదుట, వెనుకకుఁ దిరిగియుండు శిశుపీఠము నుంచుట ప్రాణాపాయము. మగవారు ధరను బేరమాడుదురు. ఈ లెక్క మనమే చూచుకొనవలెను. త్రుప్పు లేని బండి దొరికినను, పాప పెరుగువఱకు నాగుమని వ్రాసితిని. బదు లింకను రాలేదు.