ముప్పావుగంట దూరం – ఒక రోజు ఎడం

పటం మీద రెండు విమానాశ్రయాల నడుమ దూరాన్ని కొలిచి, విమాన వేగంతో భాగించి, ఇదే ప్రయాణకాలమని తేల్చివేయడం మనకు అలవాటు. పసిఫిక్ మహాసముద్రంలో ఒకచోట ఈ లెక్క నిలువదు.

సమోవా దేశపు రాజధాని ఆపియాకు చేరువనున్న ఫలేఓలో విమానాశ్రయం నుండి, అమెరికా ఏలుబడిలోని అమెరికన్ సమోవాలో గల పాగో పాగో సుమారు 150 కిలోమీటర్లు. చిన్న విమానానికి ముప్పావుగంట చాలు. అయితే ఆదివారం మధ్యాహ్నం బయలుదేరినవాడు అక్కడ శనివారం మధ్యాహ్నం దిగుతాడు!

ఇది ప్రకృతి చేసిన వింత కాదు. సూర్యుడు రెండు చోట్లా ఇంచుమించు ఒకే వేళకు ఉదయిస్తాడు. అమెరికాతో వర్తకం కొరకు 1892లో సమోవా జూలై 4వ తేదీని రెండుమార్లు లెక్కించుకొన్నది. ఆస్ట్రేలియా, న్యూజిలాండులతో వ్యాపారం ముఖ్యమైన పిమ్మట, 2011లో డిసెంబరు 30వ తేదీని క్యాలెండరు నుండి తొలగించి, గురువారం రాత్రి నిద్రించి శనివారం మేల్కొన్నది. అమెరికన్ సమోవా మాత్రం కదలలేదు.

సమోవా నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. సిడ్నీలో సోమవారం కచేరీలు తెరిచేవేళ తమకింకా ఆదివారమైతే వర్తకులు ఎంతకాలం ఓర్చుకొందురు? కాని, 1899 నాటి ఒప్పందంతో పరదేశపు రాజ్యాలు విడదీసిన ఒకే భాషా జనం నడుమ నేడు తేదీ కూడా అడ్డు నిలిచింది. అన్నగారింట ఆదివారపు విందు సాగేవేళ చెల్లెలింట శనివారపు పనులు! కనుక దూరమూ నిమిషాలూ మాత్రమే ముద్రించే ప్రయాణ పట్టిక నా దృష్టిలో అర్ధసత్యమే. బయలుదేరే వారమూ, చేరే వారమూ అందులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆపియాలో శనివారం జరిగే పెళ్లికని పాగో పాగోలో శనివారం ఉదయమే విమానమెక్కినవాడు దిగేసరికి అక్కడ ఆదివారమై ఉంటుంది.