ఒంటెను చూడండి, ఒంటె కాపరినీ చూడండి

దివ్య ఖురాన్‌లోని 88వ సూరా ‘అల్ గాషియా’లో సృష్టికర్త తన మహిమకు నిదర్శనాలుగా నాలుగింటిని మానవుల ముందుంచాడు. ఆకాశం, పర్వతాలు, భూమి వాటిలో మూడు. ఈ మూడింటికంటే ముందు ప్రస్తావించినది మాత్రం ఒంటెను. దాని సృష్టిని గురించి ఆలోచించమన్నది ఆ వాక్యాల పిలుపు. ఆ మాటలు మొదట విన్నవారు మక్కావాసులు. తెల్లవారి లేచింది మొదలు వారి కంటికి కనిపించేది ఒంటే. కళ్లెదుట ఉన్నదానిని చూడమని చెప్పవలసి వచ్చిందంటే, రోజూ చూస్తున్నా మనిషి దానిని గమనించడం లేదన్న మాట.

మన పిల్లలకు ఒంటె అనగానే జంతుప్రదర్శనశాల గుర్తుకొస్తుంది. లేదంటే చలికి తల దాచుకుంటానని అడిగి, చివరకు అరబ్బును గుడారం నుంచే వెళ్లగొట్టిన కథ గుర్తుకొస్తుంది. కాని అసలు చరిత్ర వేరు. ఒంటె అరబ్బు గుడారాన్ని ఆక్రమించలేదు. ఆ గుడారాన్ని వీపున మోసింది.

ఒంటె మూపురంలో నీళ్లుంటాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మూపురంలో ఉండేది కొవ్వు. మేత దొరకని రోజుల్లో అది కరిగి శక్తినిస్తుంది. కొవ్వంతా ఒకేచోట చేరడం వల్ల మిగతా శరీరం నుంచి వేడి సులభంగా బయటికి పోతుంది. నీరు లేని వేసవి రోజుల్లో ఒంటె శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగి, పగలు 40 డిగ్రీలు దాటుతుంది. మనకైతే అది ప్రాణాపాయం. ఒంటెకు మాత్రం అదే రక్ష. పగటి వేడిని ఒంట్లో దాచుకొని రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది కనుక చెమట రూపంలో నీరు వృథా కాదు. 1950వ దశకంలో ష్మిట్ నీల్సన్ అనే శాస్త్రవేత్త సహారా ఎడారిలో ఒంటెలపై పరిశోధించి ఈ సంగతులను లోకానికి వివరించాడు.

శరీర బరువులో నాలుగోవంతు నీటిని కోల్పోయినా ఒంటె నడవగలదు. నీరు దొరికినప్పుడు పదిపదిహేను నిమిషాల్లో దాదాపు 100 లీటర్లు తాగుతుంది. దాని ఎర్ర రక్తకణాలు కోలగా ఉండి, అంత నీరు ఒక్కసారిగా లోపలికి చేరినా పగిలిపోవు. ఇసుక గాలి వీచినప్పుడు ముక్కుపుటాలు మూసుకుంటాయి. రెండు వరుసల రెప్పవెంట్రుకలు కళ్లను కాపాడతాయి. వెడల్పైన మెత్తటి పాదాలు ఇసుకలో కూరుకుపోవు. ముళ్ల కంపను తిని పాలిస్తుంది. ఆ పాలలో ఆవుపాలలో కంటే ‘సి’ విటమిన్ ఎక్కువ. కూరగాయలు మొలవని నేలలో బతికే మనిషికి ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఒంటి మూపురం ఒంటెను అరేబియా ద్వీపకల్పపు ఆగ్నేయ ప్రాంతంలో సుమారు 3000 ఏళ్ల క్రితం మచ్చిక చేశారని శాస్త్రజ్ఞుల నిర్ధారణ. ఆ తర్వాత ఎడారి వర్తకానికి దారి ఏర్పడింది. యెమెన్, ఒమాన్‌ల సాంబ్రాణి ఒంటె వీపుపైనే గాజా రేవుకు, సిరియా సంతలకు చేరేది. ఖురైషీల చలికాలపు, వేసవికాలపు ప్రయాణాలను ఖురాన్ ప్రస్తావించింది. ఆ బిడారులను నడిపించింది ఈ జంతువే. దాని పాలు ఆహారం, వెంట్రుకలు వస్త్రం, తోలు నీటితిత్తి, పేడ వంటచెరకు. నిండుప్రాణం పోయినచోట చెల్లించే రక్తపరిహారం నూరు ఒంటెలు. జకాత్ లెక్కలో అయిదు ఒంటెలున్న వ్యక్తి ఒక మేకనో గొర్రెనో పేదల హక్కుగా తీసి ఇవ్వాలి. అరబీలో ఒంటెను తెలిపే ‘జమల్’, అందాన్ని తెలిపే ‘జమాల్’ ఒకే అక్షరాల నుంచి వచ్చినవి. ఒంటెలను పిలుస్తూ, నడిపిస్తూ కాపరులు పాడే ‘హుదా’ సంప్రదాయాన్ని 2022లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత మేలు చేసే ప్రాణి పట్ల మనిషి నడవడి ఎలా ఉండాలి? సమూద్ జాతి కథ ఇందుకు తొలి పాఠం. హజ్రత్ సాలిహ్ (అలై) కాలంలో ఒక ఆడ ఒంటె ఆ జాతికి పరీక్షగా వచ్చింది. నీటి దగ్గర ఒక రోజు దానిది, ఒక రోజు వారిది. ఆ వంతును వారు సహించలేకపోయారు. ఒంటెను చంపారు, నాశనమయ్యారు. మూగజీవి నీటి వాటాను కాజేయడం వారికి చిన్న విషయంగా తోచింది. దైవం దృష్టిలో అది చిన్న విషయం కాలేదు.

మహాప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలో ఒంటె అడుగడుగునా కనిపిస్తుంది. క్రీ.శ. 622లో మదీనా చేరినప్పుడు తమ ఇంట దిగమని ప్రతి ఒక్కరూ వేడుకుంటే, ఆయన తన ఒంటె ఖస్వాను దాని దారిన వదలమన్నారు. అది మోకరిల్లిన చోటే మస్జిద్ వెలసింది. 632లో అరఫాత్ మైదానంలో అంతిమ హజ్ ప్రసంగం చేసినదీ ఖస్వాపై నుంచే. ఒకసారి ఆయన ఒక అన్సారీ తోటలోకి వెళ్లగా అక్కడి ఒంటె ఆయనను చూసి కన్నీరు కార్చిందని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆయన దాని తల నిమిరి ఊరడించారు. యజమానిని పిలిపించి, దానిని పస్తులుంచి చాకిరీ చేయిస్తున్నందుకు దైవానికి భయపడమని మందలించారు. నోరులేని జంతువు తరఫున యజమానిని నిలదీసిన న్యాయమది.

ఈనాటి సంగతి చూద్దాం. 1938లో సౌదీ అరేబియాలో చమురు పుష్కలంగా బయటపడింది. క్రమంగా లారీలు, పికప్ వాహనాలు బిడారుల స్థానాన్ని ఆక్రమించాయి. బరువు మోసిన ఒంటె హోదాకు గుర్తుగా మారింది. తమ సంస్కృతిని గౌరవించుకోవడంలో తప్పు లేదు. ఐక్యరాజ్యసమితి 2024ను ఒంటెజాతి జంతువుల సంవత్సరంగా ప్రకటించింది. సౌదీ అరేబియా కూడా ఆ ఏడాదిని ఒంటె సంవత్సరంగా జరుపుకుంది. అయితే గౌరవం పేరుతో జరిగినవన్నీ గౌరవప్రదమైనవి కావు. పందేల్లో ఒంటెపై బరువు తగ్గించాలని పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్ వంటి దేశాల నుంచి పసిపిల్లలను తెచ్చి స్వారీ చేయించారు. పెరిగితే బరువవుతారని వారికి కడుపునిండా తిండి పెట్టనివారూ ఉన్నారు. 2005లో యు.ఎ.ఇ., ఖతర్ దీనిని నిషేధించాయి. యునిసెఫ్ సాయంతో యు.ఎ.ఇ. నుంచి వెయ్యి మందికి పైగా పిల్లలు స్వదేశాలకు చేరారు. వారి స్థానంలో చిన్న మరమనుషులు వచ్చాయి. ఇక సౌదీలోని ఒంటెల అందాల పోటీలో పెదవులకు సూదిమందు ఎక్కించి మోసం చేశారని 2018లో 12 ఒంటెలను, 2021లో 40కి పైగా ఒంటెలను పక్కకు తప్పించారు. అల్లాహ్ చూడమన్న సృష్టికి మనిషి మెరుగులు దిద్దబోయాడు!

ఈ ఒంటెల మందల వెనుక ఇంకొకరున్నారు. వారు మనవాళ్లు. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి డ్రైవరు పనో, తోటపనో అని వెళ్లి ఎడారిలో ఒంటెల కాపరులుగా తేలినవారి గోడు మనం ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. కనుచూపు మేర మనిషి ఉండడు. రేకుల షెడ్డు, ట్యాంకరు నీళ్లు, ఎండు రొట్టె. పాస్‌పోర్టు యజమాని చేతిలో. జీతం ఎప్పుడిస్తాడో తెలియదు. సౌదీ కార్మిక చట్టం సాధారణ కార్మికులకిచ్చే రక్షణలు ప్రైవేటు పశువుల కాపరికి వర్తించవు. మంచి యజమాని దొరికి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారు లేకపోలేదు. కాని ఒక మనిషి బతుకు యజమాని మంచితనం మీదే ఆధారపడటం న్యాయం అనిపించుకోదు.

మన కుటుంబాలు చేయగలిగిన పని కొంత ఉంది. బిడ్డను విమానం ఎక్కించే ముందు వీసా మీద ఏ పని రాసి ఉందో అరబీ తెలిసినవారితో చదివించండి. ‘రాయీ’ అంటే కాపరి. చాలా ఊళ్లలో అరబీ అక్షరాలు తెలిసిన ఇమాం సాబో, మదరసా ఉస్తాదో ఉంటారు. హిందూ సోదరులు కాగితం తెచ్చినా చదివి పెట్టడం వారికి పుణ్యకార్యమే. కేంద్ర ప్రభుత్వం వద్ద రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్లమనండి. ఒప్పందం నకలు, పాస్‌పోర్టు నకలు ఇంట్లో దాచుకోండి. అక్కడి భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు బిడ్డ జేబులో ఉండాలి. ఒంటెపాలు కాచి తాగమని చెప్పండి. 2012లో బయటపడిన మెర్స్ జబ్బు ఒంటెల నుంచి మనుషులకు సోకుతుందని తేలింది. ఒంటెను కట్టి ఆపై దైవాన్ని నమ్ముకోమన్న ప్రవక్త (స) ఉపదేశంలోని అర్థం ఇదే. ముందుజాగ్రత్త విశ్వాసానికి విరుద్ధం కాదు.

క్రీ.శ. 637 ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) జెరూసలేం వెళ్లిన వైనం మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆయనకూ సేవకుడికీ ఉన్నది ఒకే ఒంటె. వంతులవారీగా ఎక్కారు. నగరం దగ్గర పడేసరికి వంతు సేవకుడిది. అతడు వద్దన్నా ఖలీఫా దిగారు. సేవకుడు ఒంటెపై కూర్చోగా, ముకుతాడు పట్టుకొని ఆయన నడిచారు. ఆ ఒంటె వీపున ఆ రోజు కూర్చున్నది సేవకుడి హక్కు.

ఆ వంతును గుర్తుంచుకున్న యజమాని దగ్గర ఒంటె ఏడవదు. కాపరీ ఏడవడు.