గృహనిర్మాణ తనిఖీ – ఎవరి బాధ్యత?

నగరములలో మేడలు లేచుచున్న వేగముతో నగరపాలక సంస్థలయందు ఇంజనీర్ల సంఖ్య పెరుగుట లేదు. అందుచే ప్లానుల పరిశీలనమును, కట్టడముల తనిఖీని బయటి కన్సల్టెంట్లకు ఒప్పగించుట మేలను వాదము నానాటికి బలపడుచున్నది. దీనిని వినకయే త్రోసిపుచ్చుట న్యాయము గాదు. చిన్న యిల్లు కట్టుకొనదలచిన గృహస్థుడు ఒక్క సంతకమునకై నెలల తరబడి కచేరీ మెట్లెక్కి దిగుట మన పట్టణవాసులు ఎఱుగనిది కాదు. ఆ బాధను తొలగించుటకే తెలంగాణ ప్రభుత్వము 2020లో చట్టము చేసి, 500 చదరపు మీటర్లకు మించని స్థలమున 10 మీటర్ల లోపు ఎత్తుగల యింటికి యజమాని స్వయముగా ఇచ్చు ధ్రువీకరణముపైననే తత్క్షణము అనుమతి లభించునట్లును, అంతకు మించిన కట్టడములకు 21 దినముల గడువును ఏర్పరచినది. ఉద్దేశము మంచిదే.

అయితే అనుమతి వేఱు, తనిఖీ వేఱు. అనుమతి కాగితమును చూచి ఈయవచ్చును. తనిఖీ మాత్రము గోతిలో దిగి చేయవలయును. పునాదిలో ఎంత ఇనుము పడినదో కాంక్రీటు పోసిన మఱునాడు కంటికి కానరాదు. ఆ వేళ అచట నిలిచి “పని ఆపుడు” అని చెప్పవలసిన వానికి జీతమిచ్చునది ఎవరు? మా ప్రశ్న యంతయు ఇదియే.

ఈ ప్రశ్నను అలక్ష్యము చేసిన ఇంగ్లండు దేశపు అనుభవము గమనింపదగినది. 1984 నాటి చట్టము అచట ప్రైవేటు తనిఖీదార్లకు ద్వారములు తెఱచినది. కట్టువాడే తనిఖీదారుని ఎన్నుకొని రుసుము చెల్లింపసాగెను. స్థానికసంస్థల ఉద్యోగులు సైతము వారితో పోటీపడి గిరాకీలను వెదకుకొనవలసి వచ్చెను. 2017 జూన్ 14వ తేదీన లండనులోని గ్రెన్‌ఫెల్ భవనము దగ్ధమై 72 మంది మరణించిరి. ఆ భవనమును తనిఖీ చేసినది ప్రైవేటు వారు కారు, స్థానికసంస్థ ఉద్యోగులే. అయినను 2024లో వెలువడిన విచారణ నివేదిక, గిరాకీని నిలుపుకొనవలెనను ఆపేక్ష ప్రజారక్షణ ధర్మముతో పొసగదనియు, పోటీవలన ఈ దోషము ఉభయులకును అంటినదనియు తేల్చినది. అంతకుముందే 2022 చట్టము, 18 మీటర్ల ఎత్తు గాని 7 అంతస్తులు గాని గల నివాసభవనముల విషయమున తనిఖీదారుని ఎన్నుకొను స్వేచ్ఛను కట్టువానినుండి తొలగించినది. కావున తనిఖీదారు లోపలివాడా, బయటివాడా యనుట ముఖ్యము కాదు. అతడు ఎవరి దయపై బ్రదుకుచున్నాడు అనుటయే ముఖ్యము. తన వ్యాజ్యమునకు న్యాయాధిపతిని తానే నియమించుకొను హక్కు ఏ కక్షిదారునకును లేదు.

మనకు దూరదేశపు సాక్ష్యమే అక్కఱలేదు. 2014 జూన్ 28వ తేదీన చెన్నై చెంత మౌలివాక్కములో, కట్టుచున్న 11 అంతస్తుల భవనము కూలి 61 మంది మృతి చెందిరి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి పొట్టకూటికై వలసపోయిన మనవారును వారిలో నుండిరి. ఆ భవనపు ప్లానుకు అనుమతి యుండెను. ఇటుక మోయు కూలికిగాని, రేపు ఆ యింట కాపురముండబోవు గృహస్థునకుగాని తనిఖీదారుని ఎన్నుకొను హక్కు లేదు. వారి పక్షమున ఎన్నుకొనవలసినది నగరపాలక సంస్థయే.

బయటి నిపుణుల సాయము పొందుటకు మేము విరోధులము కాము. కాని రుసుము సంస్థ ఖజానాకు చేరవలెను; తనిఖీదారుని సంస్థయే వంతులవారీగా నియమింపవలెను; ఆ కట్టువానితో అతనికి మఱియొక వ్యవహారము ఉండరాదు; అతడు వ్రాసిన నివేదిక కట్టడము కడనే అందఱకు కనబడునట్లు ఉంచవలెను. అన్నింటికి మించి, పని అప్పగించినంత మాత్రమున సంస్థ బాధ్యత తీరదని నియమములలో స్పష్టముగా వ్రాయవలెను.

పౌరులకును ఒక విధి కలదు. ఇల్లు కొనువారు గచ్చు నునుపును, గోడల రంగును చూచి తృప్తిపడక, తనిఖీ నివేదిక ఏదియని అడుగవలెను. ఇయ్యకున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము చేతనే యున్నది. అడుగువారు లేనిచోట తనిఖీ వట్టి సంతకమై పోవును.